ఓమనగుంటల పలక

మీటరుగేజి బండి బేతంచెర్లలో ఆగి
ఒక తోలుపెట్టెను, ఒక మనిషిని దింపి పోయింది.
ముప్పైఆరో సంవత్సరం, ఎండాకాలం.
పేరు హెడ్విగ్. మా వాళ్ల నోటికి తిరగలేదు.
ఏడ్వమ్మ అన్నారు.
ఆమె ఏడ్వంగా చూసినోళ్లు మాత్రం లేరు.

పెట్టె తెరిస్తే తెల్ల పింగాణీ పలక, మూడు ముక్కలు.
ఓడలో పగిలిందో,
అంతకు ముందే ఆమె గది తలుపు పగిలిన రోజు పగిలిందో
కాంపౌండరు దేవసహాయం అడిగినా చెప్పలేదు.
నేరుగా హుస్సేనయ్య రాళ్ల కొట్టానికి నడిచిపోయి
దుమ్ములో వేలితో గుంటలు గీసి చూపించింది.
పన్నెండు. తెల్లరాయిలో. నున్నగా.

హుస్సేనయ్యకు గుంటలంటే ఒకటే లెక్క.
పద్నాలుగు తొలిచి ఇచ్చినాడు.
"రెండు తక్కువైతే ఆట సాగదు దొరసానీ."
దేవసహాయం నవ్వినాడు. ఆమె నవ్వలేదు,
ఆ రెండు గుంటలకు ఇంకో రెండణాలు ఇచ్చింది.

మిషను దవాఖానా వసారాలో సూది, ఉప్పునీళ్లు, సీసాలు.
వేలు పొడిచి ఒక్కో బొట్టు ఒక్కో గుంటలో:
కరణం శేషగిరిరావు, మాదిగ సుంకన్న,
బోయ తిక్కయ్య, బట్టలంగడి శెట్టి,
హుస్సేనయ్య, వాళ్ల తమ్ముడు కాసీం, ఇంకా ఎవరెవరో.
మందుచుక్క వేసి పలకను తొట్లె మాదిరి ఊపింది.
కొన్నిట్లో నెత్తురు విరిగిన పాల మాదిరి గడ్డలు గడ్డలైంది,
కొన్నిట్లో కాలేదు.
కరణం నెత్తురూ సుంకన్న నెత్తురూ ఒకే తీరు.
ఒక తల్లి పాలు తాగిన అన్నదమ్ములవి
వేరే వేరే.
సుంకన్న గుంట దిక్కు చూడలేదు,
కరణం మొగం దిక్కు చూసినాడు.

అప్పుడు చెప్పింది, దేవసహాయం నోటి గుండా, తునకలు తునకలుగా.
వాళ్ల ఊర్లో పెద్దచదువులోళ్లు
ముక్కులు కొలిచి, పుర్రెల చుట్టు కొలత తీసి
మనుషుల్ని ఏరినారంట,
విత్తనానికి సెనక్కాయలు ఏరినట్టు.
నెత్తుట్లో జాతి కనపడుతుందని రాయమన్నారంట.
కనపడలేదు అని రాసింది.
అంతే. ఆ ఒక్క మాటకు
ప్రయోగశాల తాళంచెవి అడిగి తీసుకున్నారు.
ఇస్తా ఇస్తా
రసీదు అడిగిందంట ఆమె.

కరణం వేలికి దూది అదుముకుని లేచినాడు.
"నెత్తురు ఒకటైతే అయిందిలే. బావులు రెండు కదా."
ఆ మాట ఆమె భాషలో చెప్పడానికి దేవసహాయం జంకినాడు.
చెప్పేదాకా ఆమె వదల్లేదు.
విని, చానాసేపు పలక కడుగుతా కూర్చుంది.
"దానికి మందుచుక్క మా ఊర్లో గూడా దొరకలేదు" అంది.

ముప్పైతొమ్మిది, సెప్టెంబరు.
నంద్యాల నుంచి ఇద్దరు పోలీసులు.
జర్మనీ మనిషంట. శత్రువంట.
నువ్వు మా మనిషివి కాదని ఏ దేశం నూకేసిందో
ఆ దేశం మనిషివేనని
ఈ దొరలు పట్టుకుపోయినారు.
సుంకన్న స్టేషను దాకా పెట్టె మోసినాడు.
పలక బరువు, రాయి కదా, ఉండిపోయింది.
ఏ క్యాంపులో పెట్టినారో, ఆ తర్వాత ఏ ఓడ ఎక్కిందో
మా ఊరికి ఒక్క జాబూ రాలేదు.
బండి కదిలేటప్పుడు
ఏడ్వమ్మా అని ఎవరూ పిలవలేదు.

పలక ఇప్పుడు మా వీధి అరుగు మీద ఉంది.
మధ్యాన్నం పూట ఆడోళ్లు చింతపిక్కలు పోసి ఆడుతారు.
ఒక గుంటవి ఎత్తి మిగతావాటికి పంచుకుంటా పోవడమే ఆట.
నాలుగు చుట్లు తిరిగినాక
ఏ పిక్క ఏ గుంటదో ఎవరికీ గుర్తుండదు.
అయినా తొండి ఆడుతారు, తిట్టుకుంటారు,
ఒక్కోసారి రెండు రోజులు మాటలుండవు.

ఎడమపక్క మూడో గుంటలో ఎర్రటి జీర.
చింతపండు పెట్టి తోమినా పోదు.
నెత్తుటి మరక అంటుంది మేనత్త సాలమ్మ.
పాలిషు మిల్లులో పనిచేసే బాషా ఒప్పుకోడు.
"రాయి రంగే అది. మన గనుల్లో అట్ల పడుతుంది."
నేను వంగి చూస్తా ఉంటే
అత్త మోచేత్తో పొడిచింది.
"నీ వంతు. దాంట్లో గూడా ఐదే వెయ్."